వాకిట్లో వెలిగే కావలి దీపం

రాత్రి పొద్దుపోయిన తరువాత ఒక మనిషి ఇంటి గేటు తెరచి లోనికి అడుగు పెడతాడు. ఇంటివారందరూ నిద్రలో ఉన్నారు. మీట నొక్కినవారెవరూ లేరు. అయినా గోడమీది దీపం భగ్గున వెలుగుతుంది. దీపం ప్రక్కనే ఉన్న చిన్న కెమెరా ఆ మనిషి బొమ్మను తీసి, ఇంటి యజమాని ఫోనుకు పంపుతుంది. మనిషి వెళ్ళిపోయిన కొద్దిసేపటికి దీపం తనంతట తానే ఆరిపోతుంది.

వెనుకటి రోజులలో ఊరిలో ఈ పని తలారిది, వీథి కుక్కది. తలారి కంటితో చూచేవాడు. కుక్క వాసనతోను, చప్పుడుతోను పసిగట్టేది. మరి గోడమీది ఈ పెట్టె దేనితో పసిగడుతున్నది? వచ్చినది మనిషి అని దానికి ఎట్లా తెలిసింది?

నిజానికి దానికి ఆ సంగతి తెలియనే తెలియదు. తన యెదుట ఒకచోటికీ మరొకచోటికీ మధ్య వేడిలో చిన్న తేడా వచ్చిందని మాత్రమే అది గ్రహిస్తుంది. తేడాను కొలవటమే ఈ పరికరపు ప్రాణం. ఆ విద్యను శాస్త్రజ్ఞులు సాధించటానికి ఇంచుమించు రెండు శతాబ్దాలు పట్టింది. ఆ కథ తెలిస్తే ఈ పెట్టెను ఎంతవరకు నమ్మవచ్చునో, ఎక్కడ నమ్మరాదో కూడా తెలుస్తుంది.

తీగె నుండి కిరణం వరకు

దొంగ రాకను విద్యుత్తు ద్వారా తెలుసుకోవాలనే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఆగస్టస్ పోప్ 1853లో ఇట్టి సాధనానికి పేటెంటు పొందాడు. తలుపులకు, కిటికీలకు తీగెలు అమర్చి, వాటిని ఒక బ్యాటరీకి, విద్యుదయస్కాంతానికి కలిపాడు. తలుపు తెరవగానే వలయం పూర్తి అయి గంట మ్రోగేది. ఎడ్విన్ హోమ్స్ అనే వర్తకుడు 1857లో ఆ హక్కులను కొని, దానిని వ్యాపారంగా పెంచాడు.

ఈ పద్ధతిలో ఒక లోపమున్నది. తలుపు కదిలిన తరువాత గాని గంట మ్రోగదు. అప్పటికే దొంగ గడపలో ఉంటాడు. వాకిట్లో ఉండగానే అతని జాడ తెలుసుకోవాలంటే దూరం నుండి పసిగట్టే సాధనం కావాలి. 1887లో హెర్ట్జ్ కనుగొన్న కాంతి విద్యుత్ ఫలితం ఇందుకు ఒక దారి చూపింది. ఒక ప్రక్క దీపం, ఎదురుగా కాంతి విద్యుత్ ఘటం ఉంచితే, మధ్యలో ఎవరైనా నడచినప్పుడు కిరణం తెగి విద్యుత్ ప్రవాహం ఆగిపోతుంది. కాని కిరణం ఒక గీత వంటిది. గీతను దాటి దూకినా, దాని క్రింద ప్రాకినా అది మాట్లాడదు.

ఎదుట నుండి కిరణాన్ని పంపవలసిన పని లేకుండా, మనిషి నుండే ఏదైనా వెలువడుతూ ఉంటే దానిని పట్టుకోవచ్చును గదా! నిజంగానే వెలువడుతున్నది. ఆ సంగతికి పునాది దొంగలతో ఏ సంబంధమూ లేని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుని గదిలో పడింది.

ఎరుపుకు ఆవల

విలియం హెర్షెల్ జర్మనీలోని హనోవరులో 1738లో జన్మించి, ఇంగ్లండులో స్థిరపడిన సంగీతజ్ఞుడు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొని లోక ప్రసిద్ధుడయ్యాడు. దూరదర్శినితో సూర్యుని పరిశీలించేటప్పుడు కంటికి రక్షణగా రంగు అద్దాలు వాడేవాడు. కొన్ని అద్దాల గుండా వెలుతురు తక్కువగా వచ్చినా వేడి ఎక్కువగా తగిలేది. మరికొన్నింటి గుండా వెలుతురు ఎక్కువగా వచ్చినా వేడి అంతగా తెలిసేది కాదు. ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో తేల్చాలని అతనికి తోచింది.

1800 సంవత్సరంలో అతడు సూర్యకాంతిని ఒక పట్టకం గుండా పంపి, బల్లమీద వర్ణపటం పడేటట్లు చేశాడు. ఒక ఉష్ణమాపకాన్ని ఒక రంగులో ఉంచి, మరి రెండింటిని వర్ణపటానికి వెలుపల, గది ఉష్ణోగ్రతను చూపటానికి ఉంచాడు. ఊదా నుండి ఎరుపు వైపు పోయిన కొద్దీ పాదరసం ఎక్కువగా పైకి ప్రాకింది. ఎరుపు దాటిన తరువాత, కంటికి ఏమీ కనబడని చోట ఉంచినప్పుడు అది మరింత పెరిగింది. కంటికి కనబడని కిరణాలున్నాయని ఆ విధంగా తెలిసింది. వాటినే మనం పరారుణ కిరణాలంటున్నాము.

వెలుపల ఉంచిన ఆ రెండు ఉష్ణమాపకాలను విద్యార్థులు జ్ఞాపకముంచుకోవాలి. అవి లేకపోతే పాదరసం పెరగటానికి కారణం గది వేడెక్కటమో, కిరణమో చెప్పలేము. హెర్షెల్ కొలిచినది వేడిని కాదు, వేడిలోని తేడాను. ఈ కథ పొడవునా ఈ జంట సాధనం మారువేషాలతో మరల మరల కనిపిస్తుంది.

ముప్పై అడుగుల దూరాన మనిషి

పాదరసం మందకొడి. మనిషి శరీరం నుండి వచ్చే స్వల్పమైన వేడికి అది దూరం నుండి కదలదు. 1821లో సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఫలితం ప్రకారం, రెండు వేరు వేరు లోహాలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడిచేస్తే వలయంలో విద్యుత్తు పుట్టుతుంది. ఇటలీకి చెందిన లియొపోల్డో నొబిలీ ఇట్టి జంటలను అనేకం వరుసగా పేర్చి, ఉష్ణవిద్యుత్ పుంజాన్ని తయారు చేశాడు. పుంజానికి ఒక ముఖం వేడిని అందుకొనటానికి, రెండవ ముఖం పోల్చి చూడటానికి. ఇక్కడ కూడా లెక్కకు వచ్చేది తేడాయే.

ఆ పుంజాన్ని సానపట్టి గొప్ప పరిశోధనలు చేసినవాడు మాసెడోనియో మెలోనీ. పార్మా నగరంలో ఆచార్యుడుగా ఉంటూ, 1831 నాటి రాజకీయ తిరుగుబాటులో పాల్గొన్నందుకు దేశం విడిచి పారిస్ చేరవలసి వచ్చింది. 1833 నాటికి అతని సాధనం సుమారు 30 అడుగుల దూరంలో నిలుచున్న మనిషి ఒంటి వేడిని గుర్తించి, గాల్వనా మీటరు ముల్లును కదల్చగలిగింది. తాకకుండా, దీపం లేకుండా, చప్పుడు వినకుండా మనిషి ఉనికిని తెలిపే విద్య ఆనాడే సిద్ధించిందన్నమాట.

మెలోనీ మరొక సత్యాన్ని కూడా వెల్లడించాడు. వెలుతురును చక్కగా పోనిచ్చే గాజు, చల్లని వస్తువుల నుండి వచ్చే పరారుణ కిరణాలకు గోడ వలె అడ్డు నిలుస్తుంది. రాతి ఉప్పు పలక వాటిని ఇంచుమించు పూర్తిగా పోనిస్తుంది. నేటి కావలి పెట్టె ముఖాన గాజుకు బదులు తెల్లని పాలిథీన్ మూత ఉండటానికి కారణమిదే. కిటికీ అద్దం వెనుక ఉంచిన పెట్టె వాకిట్లోని మనిషిని పసిగట్టలేదు.

ఆ తరువాత అర్ధ శతాబ్దానికి అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ బోలోమీటరును నిర్మించాడు. నల్లని మసి పూసిన రెండు సన్నని ప్లాటినం రేకులను వీట్‌స్టన్ వంతెనలో అమర్చి, ఒకదానిని మరుగుపరచి, రెండవదానిమీద కిరణాలు పడనిచ్చాడు. వేడికి రేకు నిరోధం మారి, వంతెన సమతౌల్యం చెడుతుంది. ఈ సాధనం మరికొంత మెరుగుపడిన పిమ్మట పావు మైలు దూరాన ఉన్న ఆవును కూడా గుర్తించేదని చెప్పుతారు. ఆవును గుర్తించిందే గాని, అది ఆవు అని మాత్రం సాధనానికి తెలియదు!

బూడిదను లాగే రాయి

మెలోనీ పుంజం గాని, లాంగ్లీ రేకులు గాని ప్రయోగశాల గడప దాటి ఇంటి గోడమీదికి ఎక్కేవి కావు. వాటికి సున్నితమైన గాల్వనా మీటరు, దానిని చూస్తూ కూర్చునే మనిషి అవసరం. చౌకగా, చిన్నదిగా ఉండే సాధనం మరొక మార్గంలో వచ్చింది.

18వ శతాబ్ది ఆరంభంలో డచ్చి వర్తకులు సింహళం నుండి టూర్మలిన్ అనే రాతిని ఐరోపాకు తీసుకొని పోయారు. నిప్పులమీద ఉంచితే ఆ రాయి బూడిదను తనవైపు లాగుకొనేది. అందువలన దానికి డచ్చి భాషలో బూడిదను లాగేది అని పేరు వచ్చింది. 1756లో ఏపినస్ ఇది విద్యుత్ ఫలితమని నిరూపించాడు. వేడెక్కినప్పుడు రాతికి ఒక కొనను ధన విద్యుత్తు, రెండవ కొనను ఋణ విద్యుత్తు పేరుకొంటాయి. 1824లో డేవిడ్ బ్రూస్టర్ దీనికి పైరోవిద్యుత్తు అని పేరు పెట్టాడు.

ఇట్టి స్ఫటికాలలో ధన, ఋణ ఆవేశాల కేంద్రాలు స్వభావసిద్ధంగానే కొద్దిగా ఎడమెడమై ఉంటాయి. ఉష్ణోగ్రత మారితే ఆ ఎడము మారుతుంది. స్ఫటికపు ముఖాలమీద ఆవేశం హెచ్చుతగ్గులు పొందుతుంది. ఉష్ణోగ్రత మారుతూ ఉన్నంతసేపే విద్యుత్తు పుట్టుతుంది. అది ఎంత ఎక్కువైనా స్థిరంగా ఉంటే ఏమీ పుట్టదు. ఈ గుణంతో పరారుణ కిరణాలను పట్టవచ్చునని 1938లో యూ టా అనే పరిశోధకుడు పారిస్ శాస్త్ర పరిషత్తు పత్రికలో సూచించాడు. ట్రాన్సిస్టరులు, చౌకైన పింగాణీ జాతి పైరోవిద్యుత్ పదార్థాలు వచ్చిన తరువాత ఆ సూచన ఇంటింటి వస్తువయింది.

పెట్టె లోపల

నేటి పసిగట్టు సాధనం చిటికెన వ్రేలి గోరంత ఉంటుంది. అందులో పైరోవిద్యుత్ పదార్థపు రేకులు సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి ధన సంకేతం ఇచ్చినప్పుడు రెండవది ఋణ సంకేతం ఇచ్చేటట్లు వాటిని ఎదురెదురుగా కలుపుతారు. ఎండ కాసినా, గాలి చల్లబడినా రెండు రేకులూ సమానంగా మారుతాయి. సంకేతాలు ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి. మనిషి అడ్డంగా నడిచినప్పుడు అతని వేడి ముందు ఒక రేకుమీద, క్షణం తరువాత రెండవదానిమీద పడుతుంది. విద్యుత్తు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి ఊగుతుంది. ఆ ఊగుతోనే దీపం వెలుగుతుంది. హెర్షెల్ వెలుపల ఉంచిన ఉష్ణమాపకాలు, లాంగ్లీ మరుగుపరచిన రేకు ఈ గోరంత డబ్బీలో మరల జన్మించాయి.

పైనున్న తెల్లని మూత గరుకుగా, గళ్ళు గళ్ళుగా ఉంటుంది. అది ఫ్రెనెల్ కటకాల సముదాయం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆగస్టిన్ ఫ్రెనెల్ సముద్ర దీపస్తంభాల కోసం 1822లో రూపొందించిన మెట్ల కటకానికి ఇది పలుచని రూపం. ప్రతి గడి వాకిట్లో ఒక్కొక్క మేర నుండి వచ్చే వేడిని రేకులమీదికి చేర్చుతుంది. నాగటి చాళ్ళవలె వాకిలి అంతా మేరలుగా విభజింపబడుతుంది. చాళ్ళకు అడ్డంగా నడిచేవాడు వెంటనే దొరుకుతాడు. ఒకే చాలు వెంబడి నేరుగా పెట్టెవైపు వచ్చేవాడు ఆలస్యంగా దొరుకుతాడు. కాబట్టి పెట్టెను గేటుకు ఎదురుగా కాక, నడిచే దారికి ప్రక్కగా బిగించటం మంచిది.

ఒక నర్సు ఆలోచన

రాక తెలిసినా, వచ్చినది ఎవరో చూడాలి. కెమెరా కథ ఇక్కడ కలుస్తుంది. తీగెల ద్వారా బొమ్మను ఒక గదికే పంపే టెలివిజన్ పద్ధతిని 1942లో జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ రాకెట్ల ప్రయోగాన్ని దూరం నుండి చూడటానికి ఏర్పాటు చేశాడు. దానిని ఇంటి వాకిటికి తెచ్చిన ఘనత న్యూయార్కు నగరంలోని క్వీన్స్ ప్రాంతవాసి అయిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్‌ది.

ఆమె ఒక నర్సు. ఆమె పనివేళలు ఒక తీరుగా ఉండేవి కావు. ఇంట్లో ఒంటరిగా ఉండవలసిన రాత్రులు వచ్చేవి. ఆమె నివసించే చోట నేరాలు పెరుగుతున్నాయి. పోలీసులు తొందరగా వచ్చేవారు కాదు. రాత్రివేళ తలుపు తట్టితే వెళ్ళి తీయటమా, మానటమా అనే భయం ఆమె చేత ఆలోచింపజేసింది. ఎలక్ట్రానిక్ పనివాడైన భర్త ఆల్బర్ట్ సాయంతో 1966 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1969 డిసెంబరు 2న అది మంజూరయింది. తలుపుకు వేరు వేరు ఎత్తులలో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ క్రిందికీ జరిగే కెమెరా, పడకగదిలో బొమ్మ కనబడే తెర, బయటివారితో మాట్లాడటానికి మైక్రోఫోను, నమ్మినవారికి తలుపు తెరవటానికి ఒక మీట, ప్రమాదమైతే కావలివారిని పిలవటానికి మరొక మీట అందులో ఉన్నాయి. ఆ కాలపు కెమెరాలు పెద్దవి, ఖరీదైనవి. అందుచేత ఆమె సాధనం ఇంటింటికీ చేరలేదు. అయినా తరువాత వచ్చిన గృహరక్షణ సాధనాల పేటెంట్లలో ఆమె పేటెంటు అనేక పర్యాయాలు ఉదహరింపబడింది.

అదే 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జి స్మిత్ సిలికాన్ పలకమీద కాంతిని ఆవేశ బిందువులుగా నిలువచేసే సాధనాన్ని ఊహించారు. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతిలో వాటా లభించింది. 1990 తరువాత ఎరిక్ ఫాసమ్, అతని సహచరులు మరింత తక్కువ విద్యుత్తుతో పనిచేసే సిలికాన్ కెమెరాను అభివృద్ధి చేయటంతో కెమెరా గుండీ అంతదయింది.

బొమ్మ అంకెల రూపంలోకి మారిన తరువాత కదలికను అంకగణితంతో పట్టటం సాధ్యమయింది. ఒక బొమ్మలోని ప్రతి బిందువు వెలుగు విలువ నుండి, ముందు బొమ్మలోని అదే బిందువు విలువను తీసివేస్తారు. ఏమీ కదలకపోతే శేషం ఇంచుమించు సున్న. ఒకచోట శేషం పెద్దదయితే అక్కడ ఏదో కదిలిందన్నమాట. ఇక్కడ కూడా తేడాయే!

రెండు పరారుణాలు

చీకటిలో బొమ్మ తీయటానికి వెలుతురు కావాలి. వెనుక 500 వాట్ల హాలొజన్ దీపాలు వాడేవారు. జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, జపానులోనే జన్మించిన నకమురా సాధించిన నీలికాంతి డయోడు వలన తెల్లని ఎల్‌ఇడి దీపాలు సాధ్యమయినాయి. వారికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు అంతటి వెలుగు చాలా తక్కువ విద్యుత్తుతోనే వస్తున్నది.

తెల్లని దీపం వద్దనుకొన్నవారికి పరారుణ దీపాలున్నాయి. వాటి తరంగదైర్ఘ్యం 0.85 మైక్రాన్. మన కన్ను సుమారు 0.7 మైక్రాన్ వరకే చూడగలదు, సిలికాన్ 1.1 మైక్రాన్ వరకు చూస్తుంది. అందుచేత మనకు చీకటిగా ఉన్నచోట కెమెరాకు వెలుగుగా ఉంటుంది. కాని ఈ పరారుణం వేరు, ఒంటి వేడి వేరు. 34 డిగ్రీల చర్మం నుండి వచ్చే కిరణాలలో బలమైన వాటి తరంగదైర్ఘ్యం సుమారు 9.4 మైక్రాన్లు, అనగా పదింతలకు పైబడినది. సాధారణ కెమెరా దానిని చూడలేదు. రాత్రి బొమ్మలో కనబడేది మనిషి వేడి కాదు, మనిషిమీద పడి తిరిగివచ్చిన దీపకాంతి. ఈ రెండింటిని ఒకటిగా తలచటం తరచుగా జరిగే పొరపాటు.

వేసవిలో మసకబారే కన్ను

తేడాను మాత్రమే చూచే కన్నుకు తేడా లేనిచోట ఏమీ కనబడదు. ఈ సంగతి తెలుగు దేశానికి మరీ ముఖ్యం. 34 డిగ్రీల చర్మం చదరపు మీటరుకు సుమారు 500 వాట్ల శక్తిని వెలువరిస్తుంది. వెనుకనున్న గోడ శీతకాలపు రాత్రి 20 డిగ్రీలలో ఉంటే దాని నుండి సుమారు 418 వాట్లు వస్తాయి. తేడా 85 వాట్ల దరిదాపు. మే నెలలో పగలంతా కాగిన గోడ రాత్రి కూడా 32 డిగ్రీల వద్ద ఉంటే దాని నుండి సుమారు 490 వాట్లు వస్తాయి. తేడా పదమూడు పద్నాలుగు వాట్లకు పడిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటిన రోజులను చూచిన రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ప్రొద్దుగూకిన వెంటనే గోడ చర్మం కంటె వేడిగా ఉండవచ్చును. నడుమ ఒక సమయంలో రెండూ సమానమవుతాయి. అప్పుడు ఎదుట మనిషి నడిచినా పెట్టె సరిగా పసిగట్టలేదు. గాలి వేడిని బట్టి తన సున్నితత్వాన్ని పెంచుకొనే సాధనాలున్నాయి గాని, అట్టి వేళ అవి కూడా తడబడతాయి. ఆరుబయట పడుకొనేవారు ఎక్కువగా ఉండే రోజులు కూడా అవే కావటం గమనింపదగినది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది. ప్రహరీ మీది పిల్లి, గాలికి ఊగే వేడెక్కిన ఆకులు దీపాన్ని వెలిగిస్తాయి. కెమెరా లెక్కకు వాన చినుకు, వాహనపు దీపకాంతి, కటకం ముందు గూడు కట్టిన సాలీడు అన్నీ కదలికలే. మాటిమాటికి వచ్చే ఉత్త హెచ్చరికలకు విసిగినవారు చివరకు దానిని ఆపివేస్తారు. నిజంగా అవసరమైన రాత్రి అది మూగగా ఉంటుంది.

ఈ విషయాలను పాఠశాలలోనే పరీక్షించవచ్చును. కావలి దీపం ముందు అడ్డంగా ఒకసారి, ఎదురుగా ఒకసారి నడచి, ఏ దూరాన వెలుగుతుందో కొలవాలి. దాని ముందు శిలవలె నిలబడితే ఎంతసేపటికి ఆరిపోతుందో చూడాలి. మధ్యలో గాజుపలక ఉంచి చేయి ఊపాలి. మెలోనీ సత్యం కళ్ళ ఎదుట కనిపిస్తుంది. టెలివిజన్ రిమోటు కొనను ఫోను కెమెరాతో చూస్తే కంటికి కనబడని దీపం వెలగటం కొన్ని ఫోనులలో కనిపిస్తుంది. ఇదే ప్రయోగాన్ని జనవరిలోను, ఏప్రిల్‌లోను చేసి పోల్చితే పై లెక్క ఎంతవరకు నిజమో విద్యార్థులే తేల్చగలరు.

కావలి పెట్టెకు వేడిలో తేడా తెలుసును, వెలుగులో తేడా తెలుసును. దొంగకు, దారి తప్పిన ముసలమ్మకు, అర్ధరాత్రి మందు కోసం వచ్చిన పొరుగింటివానికి మధ్యగల తేడా తెలియదు. ముఖాలను పోల్చే కొత్త కెమెరాలు కూడా మనిషి ఉద్దేశాన్ని చదవలేవు. మన వాకిలి దాటి ఎదురింటి కిటికీ వరకు చూచే కెమెరా మరొకరి గోప్యతకు భంగం కలిగిస్తుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కాబట్టి కెమెరాను ఎటు త్రిప్పాలో కూడా మనమే ఆలోచించాలి.

మేరీ బ్రౌన్ తన సాధనంలో తలుపు తెరిచే మీటను, కావలివారిని పిలిచే మీటను వేరు వేరుగా ఉంచింది. బొమ్మను చూచి, గొంతు విని, ఏ మీట నొక్కాలో నిర్ణయించే పనిని మాత్రం ఇంటి మనిషికే వదలింది. దీపం వెలిగినప్పుడు ఎవరో వచ్చారని మాత్రమే అర్థం. లేచి చూచి, వారు ఎవరో తెలుసుకొని, తలుపు తీయటమో మానటమో ఇంటివారి వంతు.